సుశ్రుతసంహితలో అశ్మరీశస్త్రకర్మ – ఉపద్రవవిచారము

ఉపోద్ఘాతము

ఆయుర్వేదవాఙ్మయమున శల్యతంత్రమునకు సుశ్రుతసంహిత మూలకందము. మూత్రాశయమునందు రాయి యేర్పడు విధము ఆ సంహిత నిదానస్థానమున మూడవ అధ్యాయమునందును, దానికి ఔషధచికిత్స, శస్త్రచికిత్స చికిత్సాస్థానమున ఏడవ అధ్యాయమునందును చెప్పబడినవి. ప్రాచీనభారతీయులు శస్త్రవిద్య నెఱుగుదురని నిరూపించుటకు పలువురు ఈ ప్రకరణమును ఉదాహరింతురు. ఆ మాట సత్యమే. కాని అంతటితో నిలిచినచో ప్రకరణములోని ప్రధానాంశము మఱుగుపడును.

చికిత్సాధ్యాయమును ఆద్యంతము పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. శస్త్రము దిగు ఘట్టము కొలదివాక్యములలో ముగియును. దానికి ముందు అనుమతి, రోగిని సిద్ధపఱచుట, విరమింపవలసిన లక్షణములు. దాని తరువాత రక్తస్రావము, మూత్రస్రావము, వ్రణరక్షణ, పథ్యము, ఏడాదిపాటు పాటింపవలసిన నియమములు విస్తరించియున్నవి. శస్త్రమువలన కలుగు కీడును ముందుగా నెఱిగి తప్పించుట, తప్పనిచో చక్కదిద్దుట అనునదే ఈ అధ్యాయమునకు ప్రాణమని చెప్పదగును. దీనిని గ్రంథాధారముతో నిరూపించుట ప్రస్తుతవ్యాసప్రయోజనము.

శబ్దవిచారము

'అశ్మానం రాతి' అను వ్యుత్పత్తిచే 'రా దానే' అను ధాతువునుండి అశ్మరీశబ్దము నిష్పన్నమైనది. రాతిని కలిగించునది యని అవయవార్థము. అమరసింహుడు అశ్మరీమూత్రకృచ్ఛ్రశబ్దములను పర్యాయములుగా పఠించెను. పాఠశాలలో అమరమును కంఠస్థము చేసినవారికి ఈ రెండును ఒకే వ్యాధియని తోచుట సహజము. వైద్యశాస్త్రము మాత్రము వీనిని వేఱుచేసినది. మూత్రకృచ్ఛ్రము కష్టముతో మూత్రము వెడలు వ్యాధి. దానిని సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున ప్రత్యేకాధ్యాయములో నిరూపించి, అశ్మరివలన కలుగు కృచ్ఛ్రమును అందొక భేదముగా చెప్పినది. కోశమునకు వ్యవహారము ప్రమాణము; వైద్యునకు భేదజ్ఞానము ప్రమాణము.

అశ్మరి నాలుగు విధములు: శ్లేష్మజము, పిత్తజము, వాతజము, శుక్రజము. అన్నింటికిని శ్లేష్మమే అధిష్ఠానము. క్రొత్తకుండలో పోసిన నిర్మలజలమున సైతము కొంతకాలమునకు అడుగున మట్టి పేరుకొనునట్లు వస్తియందు రాయి పుట్టునని సుశ్రుతుడు దృష్టాంతమిచ్చెను. మొదటి మూడు భేదములు విశేషముగా బాలురకు వచ్చునని, శుక్రాశ్మరి పెద్దలకు వచ్చునని విభాగము. బాలుర వస్తి చిన్నది, మాంసోపచయము తక్కువ. కావున రాతిని పట్టుటయు తీయుటయు వారియందు సుకరమని హేతువు చెప్పబడినది. ఈ వాక్యము వ్రాసినవాడు శస్త్రకర్మను దగ్గఱనుండి చూచినవాడు.

శస్త్రము చిట్టచివరి ఉపాయము

తరుణమగు అశ్మరికి ఔషధము, ప్రవృద్ధమైనదానికి ఛేదనము అని సిద్ధాంతము. అందుచే అధ్యాయమారంభమున ఘృతములు, క్షారములు, కషాయములు ముందు చెప్పబడినవి. వాతాశ్మరికి పాషాణభేదాదిఘృతము, పిత్తాశ్మరికి కుశాదిఘృతము, కఫాశ్మరికి వరుణాదిఘృతము విహితములు. వీనిలోని ద్రవ్యములు పెక్కు తెలుగునేల నెఱిగినవే. వరుణము మన ఉలిమిరి, శ్వదంష్ట్ర పల్లేరు. పాషాణభేదమన ఉత్తరదేశీయులు హిమాలయములందు పెరుగు మొక్కను గ్రహింపగా, తెలుగువైద్యులు కొండపిండియాకును వాడుచున్నారు. కొండను పిండిచేయునదను ఆ తెలుగు పేరు పాషాణభేదశబ్దమునకు దీటైనది. పేరు తుల్యమైనంత మాత్రమున మొక్క యొకటి కాదు. నిఘంటుకర్తలు ఈ భేదమును సూచింపవలసియుండును. ఆంధ్రదేశమున వ్యాప్తిచెందిన బసవరాజీయము వంటి గ్రంథములు ఔషధయోగప్రధానములు. శస్త్రకర్మకు ఆకరము సుశ్రుతసంప్రదాయమే.

ఔషధములచే తగ్గనిచో శస్త్రము. అచ్చటను సుశ్రుతుని స్వరము ఉత్సాహభరితము కాదు. నేర్పరియైన వైద్యునకును సిద్ధి నిశ్చితము కాదని, కావున ఈ ఉపక్రమము అన్నింటిలో కడపటిదని ఆయన చెప్పెను. చికిత్స చేయనిచో మరణము ధ్రువము, చేసినచో సంశయము. ఈ రెంటి తారతమ్యము నాలోచించి, ఈశ్వరుని అడిగి చేయవలెనని విధి.

ఇచట ఈశ్వరశబ్దము దైవపరముగా గ్రహింపరాదు. ఇదే సందర్భమును వాగ్భటుడు అష్టాంగహృదయమున మూత్రాఘాతచికిత్సితమునందు చెప్పుచు, ఈశ్వరశబ్దస్థానమున రాజశబ్దమును స్పష్టముగా ప్రయోగించెను. కావున ప్రభువని అర్థము. 'ఆపృచ్ఛ్య' అను ల్యబంతమును కూడ విచారింపవలెను. ఆఙ్పూర్వకమగు ప్రచ్ఛధాతువు కేవలప్రశ్నార్థకము కాదు. అనుజ్ఞ గొనుట, వీడ్కోలు పొందుట దాని యర్థము. మేఘసందేశమున యక్షుడు మేఘుని పర్వతమునొద్ద సెలవు తీసికొమ్మనుచోట ఈ ధాతువే ప్రయుక్తము. కావున వైద్యుడు రాజునకు వార్త తెలుపుట కాదు, అనుజ్ఞ పొందిన తరువాతనే శస్త్రము పట్టుట విధియని సిద్ధించుచున్నది.

చరకసంహిత ఉదరచికిత్సయందు ఈ విషయమే మఱింత విపులముగా నున్నది. ప్రాణసంశయమున్న క్రియకు పూర్వము జ్ఞాతులు, మిత్రులు, భార్య, బ్రాహ్మణులు, రాజు, గురువులు అనువారి అనుమతి గొనవలెను. గొనునపుడు సంశయమును నోటితో చెప్పవలెను. అపాయమును దాచి పొందిన అనుమతి అనుమతి కాదని దీని తాత్పర్యము. రోగికి అపాయము, ప్రత్యామ్నాయము వివరించి సమ్మతి పొందవలెనని భారత సర్వోన్నతన్యాయస్థానము 2008లో ఒక తీర్పున నిర్దేశించినది. ప్రాచీనవిధిలో రాజునకును బంధువులకును ప్రాధాన్యము. నేటి విధిలో రోగికి ప్రాధాన్యము. ఈ భేదమును మఱువరాదు. అపాయకథనము రెంటికిని సాధారణము.

శస్త్రకర్మక్రమము

సూత్రస్థానమున అష్టవిధశస్త్రకర్మలు చెప్పునపుడు అశ్మరి రెండుచోట్ల కనబడును. రాతికొఱకు వస్తిని కోయుట భేద్యమున చేరినది; రాతిని లాగుట ఆహార్యమున చేరినది. ఒకే చికిత్సలో రెండు కర్మలున్నవని, రెంటియందును వేఱువేఱుగా నేర్పు కావలెనని దీనివలన తెలియును. అగ్రోపహరణీయాధ్యాయము అశ్మరీరోగికి భోజనము లేకుండ శస్త్రము చేయవలెనని మూఢగర్భ, ఉదర, అర్శోభగందరాదులతో గూర్చి విధించినది.

స్నేహస్వేదములచే రోగిని సిద్ధపఱచి, మంగళములు చేయించి, ధైర్యము చెప్పవలెను. మోకాలి యెత్తు పలకపై బలవంతుడు, బెదరనివాడు నగు ఒకని కూర్చుండబెట్టి, వాని యొడిలో రోగిని వెలికిల చేర్చి, నడుము క్రింద వస్త్రమునుంచి, మోకాళ్లు మోచేతులు ముడిచి కట్టవలెను. నేటికిని శస్త్రచికిత్సాలయములందు కాళ్లు ముడిచి యెత్తి రోగిని పరుండబెట్టు స్థితికి లిథాటమీ పొజిషన్ అను పేరే నిలిచియున్నది. రాయి కోయు భంగిమ యని దాని యర్థము.

నాభికి ఎడమప్రక్క నూనె రాచి, పిడికిలితో అదిమి రాతిని క్రిందికి దింపవలెను. గోళ్లు తీసిన ఎడమచేతి చూపుడువ్రేలిని నడిమివ్రేలిని గుదమార్గమున చొప్పించి, సేవనిని అనుసరించి రాతిని గుదమేఢ్రముల నడుమకు తెచ్చి, ముడివలె పైకి ఉబ్బునట్లు చేయవలెను. సేవనికి ఎడమప్రక్క యవగింజంత విడిచి, రాతి పరిమాణమునకు తగినట్లు కోయవలెను. వీలునుబట్టి కుడిప్రక్కను కొందఱు చెప్పుదురు. రాయి పగులకుండ, నలుగకుండ అగ్రవక్త్రయంత్రముతో సమగ్రముగా తీయవలెను. ఏలయన మిగిలిన పొడి కొంచెమైనను మరల పెరుగును.

పాశ్చాత్యదేశమున క్రీ.శ. మొదటి శతాబ్దికి చెందిన కెల్సస్ అను రోమక గ్రంథకర్త ఇంచుమించు ఇట్టి విధానమునే వర్ణించెను. దానిని తొమ్మిదేండ్లకు పైబడి పదునాలుగేండ్లకు మించని బాలురకు మాత్రము, వసంతకాలమున చేయదగునని నియమించెను. హిపోక్రటీసు పేరిట ప్రసిద్ధమైన ప్రతిజ్ఞలో వైద్యుడు రాతికై తాను కోయక, ఆ పనిని అందు ఆరితేరినవారికి విడువవలెనని కలదు. చరకసంహితయు పక్వగుల్మవిషయమున ధాన్వంతరీయులకే అధికారమని చెప్పినది. ఎవరినుండి ఎవరు గ్రహించిరను వివాదముకంటె, రెండు సంప్రదాయములును ఈ కర్మను ఎల్లరకును అప్పగింపలేదనుట గమనింపదగినది.

విరమించవలసిన లక్షణములు

కోతకు ముందు సుశ్రుతుడొక హెచ్చరిక నుంచెను. రాయి చేతికి చిక్కినపుడు రోగి కన్నులు నిలిచిపోయి, తెలివి తప్పి, చచ్చినవానివలె తల వాలి, కదలిక లేనిచో రాతిని తీయరాదు, తీసినచో మరణించును. ఈ లక్షణములు లేనిచో మాత్రమే ముందునకు సాగవలెను. నేటి పరిభాషలో షాక్ అనదగిన స్థితి యిది. అన్నియు సిద్ధమైన తరువాత, రాయి వ్రేలికి తగిలిన క్షణమున చేయి వెనుకకు తీసికొనుమని చెప్పు శాస్త్రము శస్త్రనైపుణ్యముకంటె రోగిప్రాణమును ముందుంచినది.

శస్త్రఫలకముపై రోగిని కనిపెట్టియుండుట అను విషయమున తెలుగువారికి దగ్గఱిదగు ఒక చరిత్ర కలదు. హైదరాబాదులో రెసిడెన్సీ వైద్యుడైన ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసాహాయ్యముతో 1888, 1889 సంవత్సరములలో రెండు క్లోరోఫారమ్ కమీషన్లు పనిచేసినవి. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. క్లోరోఫారమ్ ఇచ్చునపుడు గుండెకంటె ముందు ఊపిరి ఆగుననియు, కావున శ్వాసను కనిపెట్టియుండిన చాలుననియు వారు నిర్ణయించిరి. శ్వాసను విడువక చూడవలెనను ఉపదేశము మేలైనదే. కాని క్లోరోఫారమ్ గుండెను నేరుగా నిలుపగలదని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు నిరూపించుటతో ఆ నిర్ణయములోని రెండవభాగము నిలువలేదు. ఏ యొక్క లక్షణమునో నమ్మి తక్కినవానిని విడుచుట ప్రమాదమని దీనివలన తేలినది. సుశ్రుతుడు కన్ను, తెలివి, మెడ, కదలిక అను నాల్గింటిని కలిపి చూడుమనుట ఈ సందర్భమున స్మరణీయము.

ఉపద్రవములు, వాని ప్రతీకారము

ఉపద్రవప్రకరణమును నాలుగు భాగములుగా విభజింపవచ్చును.

మొదటిది రక్తోపద్రవము. రాయి తీసిన వెంటనే రోగిని వేడినీటి ద్రోణిలో కూర్చుండబెట్టి చెమటపట్టింపవలెను. అట్లయిన వస్తి రక్తముతో నిండదు. నిండెనేని పుష్పనేత్రము ద్వారా క్షీరవృక్షకషాయమును లోపలికి పంపి కడుగవలెను. క్షీరవృక్షములనగా మఱ్ఱి, మేడి, రావి, జువ్వి మున్నగునవి; వానికి కషాయరసము, స్తంభనగుణము కలవు. నేడు మూత్రాశయమున రక్తము గడ్డకట్టినచో గొట్టము ద్వారా లవణద్రావణమును పంపి కడుగుచున్నారు. ద్రవ్యము మాఱినది, గడ్డను వెలికితీసి మార్గము తెఱచియుంచుట అను ఉద్దేశము మాఱలేదు.

రెండవది మూత్రస్రావము. ఏడురాత్రులు గడచినను మూత్రము స్వమార్గమున వెడలక వ్రణమునుండి కాఱుచున్నచో, వ్రణమును విధ్యుక్తముగా అగ్నితో దహింపవలెను. స్వమార్గమున పడిన తరువాత మధురకషాయద్రవ్యములతో ఉత్తరవస్తి, ఆస్థాపనము, అనువాసనము చేయవలెను. ఏడుదినముల గడువు గమనింపదగినది. తొలిదినములందు వ్రణమునుండి మూత్రము వచ్చుట దోషము కాదు. గడువు దాటినపుడే అది ఉపద్రవము. స్త్రీలయందు గర్భాశయము వస్తికి సమీపమున నుండుటచే కోతను ఉత్సంగాకారముగా చేయవలెననియు, అట్లు కానిచో మూత్రస్రావివ్రణము కలుగుననియు సుశ్రుతుడు విడిగా హెచ్చరించెను. పాశ్చాత్యవైద్యులు ఫిస్టులా అను పేర వ్యవహరించు రంధ్రము ఇదియే. స్త్రీకి మిక్కిలి దుఃఖకరమగు ఈ ఉపద్రవమునకు ఆ సంహితలో ప్రత్యేకవాక్యము కలదనుట సామాన్యవిషయము కాదు.

మూడవది మర్మాఘాతము. తప్పింపవలసిన స్థానములు ఎనిమిది: మూత్రవహము, శుక్రవహము, ముష్కస్రోతస్సు, మూత్రప్రసేకము, సేవని, యోని, గుదము, వస్తి. మూత్రవహము తెగినచో వస్తి మూత్రముతో నిండి మరణము. శుక్రవహము తెగినచో మరణమో క్లైబ్యమో. ముష్కస్రోతస్సు తెగినచో ధ్వజభంగము. మూత్రప్రసేకము తెగినచో మూత్రము ఆగక కాఱుట. సేవనీయోనులు తెగినచో వేదన. ఈ యెనిమిదింటి నెఱుగనివాడు పలువురను చంపునని సుశ్రుతుడు అధ్యాయాంతమున కఠినముగా పలికెను. పందొమ్మిదవ శతాబ్దివఱకు ఐరోపాలో గుదవస్తుల మధ్యభాగమున కోత చేసిన వైద్యులు ఎదుర్కొన్న ఉపద్రవములును ఇట్టివే: పురీషమార్గమునకు గాయము, సంతానశక్తి నశించుట, మూత్రము పట్టు తప్పుట.

నాల్గవది పునరుద్భవమును, వ్రణభేదమును వారించుట. మూడుదినములు మూత్రశోధకద్రవ్యములతో వండిన యవాగువును నేతితో, పిదప పదిదినములు బెల్లము కలిపిన పాలతో మెత్తని అన్నమును మితముగా ఈయవలెను. ఆ తరువాత మాంసరసము. వ్రణము మానినను ఏడాదిపాటు స్త్రీసంగమము, గుఱ్ఱము, ఏనుగు, రథము, కొండ, చెట్టు ఎక్కుట, ఈత, గుర్వాహారము వర్జ్యములు. పైకి మానిన వ్రణము లోపల దృఢపడుటకు కాలము కావలెనను జ్ఞానమిందు కలదు.

పరిమితుల విచారము

ఇంత గొప్ప ప్రకరణమునకును పరిమితులు కలవు. వానిని చెప్పక విడుచుట శాస్త్రమునకు మేలు కాదు. నిదానస్థానమున మూత్రోత్పత్తి వర్ణన చూడవలెను. పక్వాశయమునుండి సూక్ష్మముఖములగు వేలకొలది నాళములు మూత్రమును వస్తికి చేర్చునని, మెడవఱకు నీట ముంచిన క్రొత్తకుండ ప్రక్కలనుండి ఊరి నిండునట్లు వస్తి నిండునని అచట కలదు. వృక్కములు మూత్రమును పుట్టించునను విషయము అందు లేదు. కావున ఈ అశ్మరి వస్తిగతము. నేడు జనులు కిడ్నీరాయి అనుదానికి ఈ శస్త్రకర్మ వర్తింపదు. అథర్వవేదమున కనబడు గవీనీశబ్దమును ఆధునికులు మూత్రనాళికలకు పరిభాషగా స్వీకరించిరి. అది పరిభాషానిర్మాణమునకు తగినదే. కాని ఆ యర్థమును వెనుకకు త్రిప్పి సుశ్రుతవాక్యములందు ఆరోపించుట న్యాయము కాదు.

వ్యాధియొక్క స్వరూపమును కాలముతో మాఱినది. బాలుర వస్తిలో రాళ్లు విశేషముగా వచ్చుననుట సుశ్రుతుని పరిశీలన. ఇరువదవ శతాబ్దిలో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో ఎలుకలకు లోపభూయిష్ఠమగు ధాన్యాహారమునిచ్చి వాని మూత్రాశయములందు రాళ్లు పుట్టుటను, ఆహారమున పాలు చేర్చినచో అవి నివారితమగుటను చూపెను. ఆయన స్థాపించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహారసంస్థ యను పేరు పొందినది. అది తార్నాకలో నేటికిని పనిచేయుచున్నది. పోషణ మెఱుగుపడిన కొలది బాలుర వస్త్యశ్మరి అరుదైనది. పెద్దల వృక్కములందును మూత్రనాళికలందును రాళ్లు అధికమైనవి. మధురస్నిగ్ధగుర్వాహారములు కారణమని సుశ్రుతుడు చెప్పగా, మెక్‌కారిసన్ ఆహారలోపమును కారణముగా చూపెను. రాతికిని భోజనమునకును సంబంధము కలదనుట ఉభయసమ్మతము. ఆ సంబంధము ఎట్టిదనుటలో భేదము కలదు. ఆ భేదమును మాటుపఱచి రెండును ఒకటేయని చెప్పరాదు.

చికిత్సయందును మార్పు వచ్చినది. 1976లో స్వీడను వైద్యులు వీపునుండి చిన్నరంధ్రము ద్వారా వృక్కములోని రాతిని తీయు విధానమును ప్రకటించిరి. 1980లో మ్యూనిక్ నగరమున శరీరమును కోయకయే ధ్వనితరంగములతో రాతిని పొడిచేయు చికిత్స తొలిసారి జరిగినది. అటుపై లేజరు వచ్చినది. సుశ్రుతుడు రాతిని పగులనీయవలదనెను. నేటి వైద్యుడు పగులగొట్టియే తీయుచున్నాడు. అయినను మిగిలిన రేణువులు మరల పెరుగునను భయము ఆనాటిదే. రక్తస్రావము, మార్గావరోధము, మూత్రస్రావము నేటికిని వైద్యుడు లెక్కింపవలసిన ఉపద్రవములే. వీనితోపాటు రాతియందు దాగిన సూక్ష్మజీవులు రక్తమున చేరి ప్రాణాపాయము కలిగించుట నేడు మిక్కిలి జాగ్రత్తతో గమనింపబడుచున్నది. సాధనములు మాఱినపుడు ఉపద్రవములు రూపము మార్చుకొనును; ఉపద్రవచింత మాత్రము నిలిచియుండును.

అధ్యాపనవిషయమున సూచన

ఈ అధ్యాయమును ప్రాచ్యకళాశాలలందు బోధించునపుడు కేవలము వ్యాకరణబలముతో అర్థనిర్ణయము చేయుట చాలదు. అగ్రవక్త్రయంత్రముయొక్క ఆకారము, మూత్రప్రసేకశబ్దమునకు సరియగు శరీరభాగము, ఉత్సంగాకారపు కోత అనునవి సమాసవిగ్రహముచే తేలవు. కర్మ చేయుచున్న పరంపర లోపించినప్పటినుండి ఈ పదములు కోశములందు నిలిచి, చేతులకు దూరమైనవి. డల్హణుని నిబంధసంగ్రహము, నిదానస్థానమునకు గయదాసుని వ్యాఖ్య ఇచట తోడ్పడును. క్రీ.శ. 878 నాటి సుశ్రుతసంహితా తాళపత్రప్రతి నేపాళమున లభించుచున్నది. ముద్రితపాఠములను దానితో పోల్చి చూచుటయు అవసరము. వానితోపాటు శరీరరచన నెఱిగిన శస్త్రవైద్యుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ అధ్యాయమును చదువుట యుక్తము.

సుశ్రుతుని ఉపదేశమును ఇదియే. నీటితో, బురదతో నింపిన తోలుసంచులపైనను, జంతువుల వస్తులపైనను భేద్యకర్మ నభ్యసింపవలెనని యోగ్యాసూత్రీయాధ్యాయమున చెప్పెను. శాస్త్రము మాత్రమెఱిగి కర్మ నెఱుగనివాడును, కర్మ మాత్రమెఱిగి శాస్త్రము నెఱుగనివాడును ఒక్క రెక్క గల పక్షులవంటివారని మఱియొకచోట పలికెను. ఆ మాట వైద్యులకు చెప్పినదైనను పండితులకును వర్తించును.

కావున అశ్మరీచికిత్సాధ్యాయమును పూర్వుల గొప్పకు సాక్ష్యముగా చూపునపుడు, ఆ గొప్ప ఎచట నున్నదో సరిగా చూపవలెను. అది కోతయందు మాత్రమే లేదు. అపాయమును ముందుగా చెప్పి అనుజ్ఞ గొనుట, దుర్లక్షణము కనబడినపుడు చేయి ఆపుట, కోయరాని ఎనిమిది తావులను లెక్కించి గుర్తుంచుకొనుట, ఏడవదినమున వ్రణమును మరల చూచుట, రోగిని ఏడాదివఱకు విడువకుండుట అనువానియందున్నది. విద్యార్థి అధ్యాయమును ముగించునాటికి శస్త్రము పేరుకంటె ఈ ఐదు విషయములు అతని మనస్సున నిలిచినచో బోధన సఫలమైనట్లు భావింపవచ్చును.